పెద్దమ్మ ఫోటోల్లో ఎందుకు లేదు

పోయిన దసరా సెలవుల్లో పాత ఆల్బమ్‌లన్నీ దించి స్కాన్ చేయడానికి కూర్చున్నాం. కామాటిపుర గల్లీలో మా ఖోలీకి ఒక మాళా ఉండేది. ఊళ్లో అయితే అటక అంటారు. బాపమ్మ కాలం నుంచి రేషన్ కార్డులు, పెళ్లి పత్రికలు, గ్రాంట్ రోడ్ స్టూడియోలో దిగిన ఫోటోలు అన్నీ అక్కడే రేకు పెట్టెల్లో ఉండేవి. మూడు రోజులు పట్టింది. మూడో రోజు రాత్రి మా వదిన ఒక మాట అడిగింది: "పెద్దమ్మ ఏది?"

వెతికితే ఉన్నది. 1971లో జగిత్యాల దిక్కు నుంచి కోడలుగా వచ్చిన పెద్దమ్మ పెళ్లి ఫోటోలో ఉన్నది. పిల్లల్ని ఒళ్లో పెట్టుకొని ఉన్నది. చౌపాటీలో భేల్ తింటూ ఉన్నది. 1993 దాకా ప్రతి ఆల్బమ్‌లో ఉన్నది. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు బతికిన మనిషివి మాకు దొరికినవి నాలుగే నాలుగు ఫోటోలు. రెండింట్లో సగం ముఖమే. ఒకదాంట్లో వెనక వరసలో తల మాత్రం కనబడుతున్నది. నాలుగోది ఓటరు కార్డు. ఆమె పోయినప్పుడు దండ వేయడానికి ఫోటో లేక ఆ ఓటరు కార్డునే పెద్దది చేయించాం. చుక్కలు చుక్కలుగా వచ్చింది. అదే గోడకు ఉన్నది.

చిన్నమ్మను అడిగితే, "ఆమెనే వద్దనేదిరా, దొడ్డుగున్న అని సిగ్గు," అన్నది. సరే, ఆమె వద్దన్నది. ఆమెకి ఆ సిగ్గు ఎవరు నేర్పిండ్రు? మేమే. "పెద్దమ్మా, నువ్వు జర వెనక్కు నిలబడు, పిల్లలు కనబడతలేరు" అన్నది మేమే. "ఈ వయసుల గీ రంగేంది" అన్నది మేమే. రవిక చంక దగ్గర పిగిలితే నవ్వింది కూడా మేమే. ఈ రాత మొదట మా మీద మేము వేసుకుంటున్న ఫిర్యాదు. తర్వాతది షోలాపూర్‌లో, భివండీలో, సూరత్‌లో, అహ్మదాబాద్‌లో ఉన్న మన ఇళ్ల మీద. ఎందుకంటే మీ ఆల్బమ్‌లు తీసి చూసినా ఇట్లాంటి పెద్దమ్మ ఒకామె దొరుకుతుందని మాకు గట్టి నమ్మకం.

ముందు ఒక అబద్ధం సంగతి చూద్దాం. "మన సంప్రదాయంలో వయసొచ్చిన ఆడమనిషి అలంకారం తగ్గించుకోవాలె, దొడ్డుగున్నామె దాచుకోవాలె" అంటారు. ఏ సంప్రదాయం? నైజాం ఇలాకా నుంచి బొంబాయికి కూలికి వచ్చిన కామాఠీల పేరు మీదనే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. రోడ్లు వేసినోళ్లు, పునాదులు తవ్వినోళ్లు, ఇటుకలు మోసినోళ్లు. ఆడవాళ్లు కూడా తట్టలు మోసినోళ్లే. వాళ్లు కట్టింది గోచీ చీర. తొమ్మిది గజాలు, అంటే ఎనిమిది మీటర్లు దాటిన బట్ట. దానికి సైజు లేదు. ఇరవై ఏళ్ల సన్నపిల్ల కట్టినా అదే చీర, ముగ్గురు పిల్లల తల్లి కట్టినా అదే, అరవై ఏళ్ల అవ్వ కట్టినా అదే. ఒళ్లు పెరిగితే ఒక మడత తగ్గుతుంది, ఒళ్లు తగ్గితే ఒక మడత పెరుగుతుంది. బట్టే మనిషిని బట్టి సర్దుకునేది. మనిషి బట్టను బట్టి సర్దుకోవాలనే మాట మా బాపమ్మ తరంలో లేదు. బాపమ్మది పెద్ద ఒళ్లు. ఆకుపచ్చ ఇల్కల్ చీర, ఎర్ర కొంగు, గుళేదగుడ్డ ఖణం రవిక, రూపాయి బిళ్లంత బొట్టు, చేతికి దండకడియం. డెబ్బై ఏళ్లప్పుడు కూడా అంతే. ఆమె గల్లీలో నడిచి వస్తుంటే గుజరాతీ దుకాణదారు కూడా పక్కకు జరిగేవాడు. ఆమె లావు గురించి ఎవరన్నా మాట్లాడినట్టు మాకు గుర్తు లేదు.

మరి ఎక్కడ మారింది? కుట్టిన బట్ట దగ్గర మారింది. ఇందులో మన బొంబాయి పాత్ర కూడా ఉన్నది. ఇవాళ దేశమంతా మామూలు అనుకుంటున్న చీర, రవిక, లోపల లంగా అనే పద్ధతి పాతకాలం నుంచి ఒకే తీరుగా వచ్చింది కాదు. మొదటి భారతీయ ఐసీఎస్ అధికారి సత్యేంద్రనాథ్ టాగోర్ భార్య జ్ఞానదానందిని 1860లలో భర్తతో బొంబాయి వచ్చి, ఇక్కడి పార్సీ ఆడవాళ్ల కట్టు చూసి నేర్చుకొని కలకత్తాకు తీసుకుపోయింది. దాన్ని అక్కడ 'బొంబాయి దస్తూర్' అన్నారు. రవిక ఒంటికి అతుక్కొని ఉండే వస్తువైనప్పటి నుంచి ఆడమనిషికి ఒక అంకె వచ్చింది. ముప్పై నాలుగు, ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది. అంకె వచ్చినాక హద్దు వచ్చింది. హద్దు వచ్చినాక దాటినామె తప్పు చేసినట్టయింది.

రవిక మంచి వస్తువే, మేము దాన్ని తిట్టడం లేదు. దాన్ని ఎవరి కొలతకు కుడుతున్నారన్నదే మా కొట్లాట.

లెక్క చెప్తాం వినండి. మన ఇళ్లలో సగం మంది నేసిన జాతి, మిగతా సగం మిల్లుల్లో చేసిన జాతి, బట్ట లెక్క మనకు కొత్త కాదు. ఇప్పుడు చీరతో వచ్చే రవిక ముక్క 80 సెంటీమీటర్లు. నలభై నాలుగు ఛాతీ, మోచేతి దాకా చేతులు కావాలంటే ఆ ముక్క చాలదు. ఒక మీటరు కావాలె. అప్పుడు దర్జీ ఏమంటాడు? "మావశీ, చేతులు పొట్టిగా పెడతా." చేతులు దొడ్డుగున్నామె మోచేతి దాకా అడుగుతుంటే ఆమెకు పొట్టి చేతులు. లేదంటే లోపల మార్జిన్ వదలకుండా కుట్టేస్తాడు. రెండేళ్లకు ఒళ్లు ఇంకో అంగుళం పెరిగితే విప్పుకోవడానికి లోపల బట్ట ఉండదు. ఆ రవిక పనికిరాదు, దానితోపాటు చీర కూడా పెట్టెలోకి పోతుంది. పెద్దమ్మ పెట్టెలో అట్లాంటి పట్టు చీరలు ఏడు దొరికినై. ఏడింటికీ రవికలు ఉన్నై. ఏ ఒక్కటీ ఆమెకు ఆఖరి ఇరవై ఏళ్లలో పట్టి ఉండదు. ఇరవై సెంటీమీటర్ల బట్ట తక్కువైనందుకు ఏడు చీరలు.

లంగా సంగతి ఇంకోటి. రెడీమేడ్ లంగా ఆరు కళీలది. పెద్ద నడుముకు ఎనిమిది కళీలు కావాలె, లేకపోతే నడిచేటప్పుడు తొడల దగ్గర పట్టేస్తుంది, చౌల్ మెట్లెక్కేటప్పుడు చెప్పనే అక్కర్లేదు. చీర కూడా అంతే. ముప్పై ఎనిమిది నడుముకూ యాభై నడుముకూ ఒక చుట్టుకు పన్నెండు అంగుళాల తేడా. రెండు చుట్లకు రెండడుగులు. అంటే రెండు మూడు కుచ్చిళ్లు పోయినట్టే. కుచ్చిళ్లు తక్కువైతే చీర ముందు భాగం బిగుసుకుంటుంది. చూసినోళ్లు "ఈమెకు చీర నప్పలేదు" అంటారు. చీర పొడవు చాలలేదని ఎవరూ అనరు. కొనేముందు పొడవు కొలిపించి, ఆరు మీటర్లు దాటినది అడిగి తీసుకోవచ్చు. తొమ్మిది గజాల నారాయణపేట చీరలు దాదర్‌లో ఇప్పటికీ దొరుకుతై. దుకాణం పిల్లగాడు "ఆంటీ, ఇవి ముసలోళ్లు కట్టేవి" అంటాడు. అననీయండి.

ఇక హుక్కులు. వెనక హుక్కులు, వెనక జిప్పు పెట్టిన రవికలు పెళ్లిళ్లలో ఫ్యాషన్ అయినై. నలభై దాటి అరవై లోపల ఆడవాళ్లలో భుజం పట్టేయడం చాలా మామూలు, షుగర్ ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ. చెయ్యి వెనక్కు తిరగని మనిషికి వెనక హుక్కుల రవిక కుట్టించి, పెళ్లిమండపం గదిలో ఇద్దరు పిల్లలు చెరో పక్క నిలబడి హుక్కులు పెడుతూ, "ఊపిరి లోపలికి పట్టు అత్తా" అని నవ్వడం. ఇది మా ఇంట్లోనే జరిగింది, పోయిన ఏడాదే. మేనత్త కళ్లల్లో నీళ్లు తిరిగినై. మండపంలో అందరూ ఆనందబాష్పాలనుకున్నరు.

నెల ఆగిపోయే వయసులో ఒళ్లు మంటలు, చెమటలు పోస్తై. ముంబై ఉక్క ఎట్లుంటదో అందరికీ తెలుసు. ఆ ఒంటికి సాటిన్, పాలిస్టర్, లోపల ఇంకో సింథటిక్ లైనింగ్. "పెద్ద సైజు" అని ప్రత్యేకంగా అమ్మే బట్టల్లో ఎక్కువ భాగం ఇదే సరుకని మా వదినల అనుభవం. లావుగా ఉన్నామెకు నూలు బట్ట అవసరం లేదని ఎవరు తేల్చిండ్రో తెలియదు.

మాల్ సంగతికి వద్దాం. లోయర్ పరేల్‌లో మిల్లుల జాగాల్లో మాళ్లు లేచిన సంగతి మీకు తెలుసు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు బయటికొచ్చిండ్రు. అందులో మన తెలుగోళ్లు ఎందరో, వర్లీ బీడీడీ చాళ్లలో, పరేల్‌లో, ప్రభాదేవిలో. మా పెదనాన్న కూడా ఒకడు. ఆయన సాంచాల మీద బట్ట తీసిన జాగాకు నడిచిపోయే దూరంలోనే ఒక మాల్, దాంట్లో ఒక బట్టల దుకాణం. పెద్దమ్మకు యాభై ఎనిమిదేళ్లప్పుడు మనవరాలు తీసుకుపోయింది, ఒక కుర్తా కొనిద్దామని. పెద్దమ్మ హ్యాంగర్ మీద చెయ్యి వేసేలోపలే అమ్మకం పిల్ల, "ఆంటీ, ఆప్‌కా సైజ్ నహీ మిలేగా," అన్నది. అడగకముందే. పెద్దమ్మ ఏమీ అనలేదు. బట్టను రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, "కౌంట్ తక్కువ," అని తెలుగులో అని బయటికొచ్చింది. ఆ మాట మేము నవ్వుకుంటూ చాలాసార్లు చెప్పుకున్నాం. ఆ తర్వాత ఆమె మళ్లీ ఏ దుకాణానికీ మాతో రాలేదని మాత్రం ఇప్పుడు లెక్క వేస్తే తెలుస్తున్నది.

దుకాణాల సైజులు ఎక్కడి నుంచి వచ్చినై అనేది కూడా తెలుసుకోవాలె. అమెరికాలో 1939, 40లలో వ్యవసాయ శాఖ దాదాపు పదిహేను వేల మంది ఆడవాళ్లను కొలిపించి 1941లో ఆ లెక్కలు అచ్చువేసింది. లెక్కలోకి తీసుకున్నది తెల్లవాళ్లను మాత్రమే. అక్కడి సైజుల పట్టికలకు అదే పునాది. మన దేశానికి మన సొంత పట్టిక లేదు గనక దుకాణాలు చాలాకాలం విదేశీ పట్టికలతోనే నడిచినై. కేంద్ర జౌళి శాఖ తరఫున నిఫ్ట్ వాళ్లు 'ఇండియా సైజ్' అని ఒక సర్వే తలపెట్టిండ్రు. ఆరు నగరాల్లో 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలని ప్రణాళిక. ఆ ఆరింట్లో ముంబై ఉన్నది, హైదరాబాద్ కూడా ఉన్నది. సంతోషం. వయసు మాత్రం 15 నుంచి 65. అరవై ఆరేళ్ల మనిషి బట్టలు కట్టదా?

ప్రభుత్వ లెక్కలే ఇంకోటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద 24 శాతం, తెలంగాణలో 30 శాతం బాడీ మాస్ ఇండెక్స్ 25 దాటినవాళ్లు. యాభై దాటినవాళ్లు ఈ లెక్కలోనే లేరు. అంటే దాదాపు నలుగురిలో ఒకరు. నలుగురిలో ఒకరిని "స్పెషల్ సైజు" అని మూలకు పెట్టడం వ్యాపారం తెలిసినవాడు చేసే పని కాదు. లిథువేనియా నుంచి న్యూయార్క్ వలస పోయిన లీనా అనే ఆమె, భర్త పోయి, చెవి దుద్దులు కుదువబెట్టి కుట్టు మిషన్ కొని, మొదట గర్భిణులకు, తర్వాత దొడ్డుగున్న ఆడవాళ్లకు బట్టలు కుట్టింది. కుట్టకముందు నాలుగున్నర వేల మంది కొలతలు తీయించింది. బ్యాంకు కాగితం మీద లీనా కాస్తా లేన్ అయి, లేన్ బ్రయంట్ అనే పెద్ద దుకాణాల వరస అయింది. వందేళ్ల కిందటి మాట. వలస వచ్చిన ఇల్లు, కుట్టు మిషన్, కుదువబెట్టిన బంగారం. మన ఇళ్లల్లో లేని వస్తువు ఒక్కటైనా ఉన్నదా ఇందులో?

మన దేశంలోనూ జరగలేదని కాదు. 2016లో ఇదే ముంబైలో లాక్మే ఫ్యాషన్ వీక్‌లో పెద్ద ఒళ్ల మోడళ్లతో ప్రత్యేకంగా ఒక షో చేసిండ్రు. అంతకు ముందు ఏడాదే తెలుగులో 'సైజ్ జీరో' సినిమా వచ్చింది, అనుష్క దానికోసం బరువు పెరిగింది. మంచిదే. అయితే రెండింట్లోనూ ఉన్నది వయసు పిల్లలే. యాభై దాటిన దొడ్డు ఆడమనిషి మన సినిమాల్లో ఎక్కడ కనబడుతుంది? గయ్యాళి అత్తగా కనబడుతుంది, లేదా హాస్యానికి జారిపడే మనిషిగా. సూర్యకాంతం ఎంత గొప్ప నటి, ఆమె పేరు పిల్లలకు పెట్టుకోవడానికి కూడా జనం భయపడేదాకా తెచ్చిండ్రు. సావిత్రి నటన గురించి మొదలైన మాట ఎప్పుడూ ఆమె లావు దగ్గరికే వచ్చి ఆగుతుంది, ఇది మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ప్రతిసారీ జరిగేదే.

మేము పిల్లలకు చూపేది ఉషా ఉతుప్‌ను. తమిళ ఇల్లు, పెరిగింది మన పక్కనే బైకుల్లాలో. కంచి పట్టు చీర, పెద్ద బొట్టు, కింద స్నీకర్లు, వాటికి కూడా కంచి జరీ అంచు. అరవైలో అదే, డెబ్బైలో అదే. సన్నగా కనబడాలని ఆమె పడిన తిప్పలేదీ మాకు కనబడలేదు.

ఇక సలహాలిచ్చే వాళ్ల సంగతి. "దొడ్డుగున్నోళ్లు ముదురు రంగులే వేయాలె. అడ్డగీతలు వద్దు. పెద్ద పువ్వులు వద్దు. పెద్ద అంచు వద్దు. మెడ నిండా నగ వద్దు." పత్రికల్లో, టీవీలో, ఇప్పుడు ఫోన్లలో నలభై ఏళ్లుగా ఇదే పాట. అన్నీ కలిపి చూస్తే ఒకటే మాట, కనబడొద్దు. మేము ఈ సలహాలు ఇంట్లో పరీక్ష చేసి చూశాం. చిన్నమ్మకు నల్లచీర కట్టించి ఒక ఫోటో, మామిడిపండు రంగు గొల్లభామ చీర కట్టించి ఒక ఫోటో. నల్లచీరలో ఆమె ఒక్క అంగుళం కూడా సన్నబడలేదు. ముఖం మాత్రం చిన్నబోయింది. రెండో ఫోటో చూసి ఆమెనే అన్నది, "గిది మంచిగున్నదిరా, గిది పంపు మీ మామకు."

ఇక్కడ ఒక కష్టమైన మాట రాయక తప్పదు. కామాటిపుర అని చెప్పగానే బయటివాళ్ల మొహంలో వచ్చే మార్పు మన అందరికీ తెలుసు. స్కూల్లో, ఆఫీసులో, పిల్ల సంబంధాల దగ్గర. 'మేము నాగ్‌పాడా దగ్గర' అని తప్పించుకున్నవాళ్లం మనమే. ఆ పేరు భయంతో మన పెద్దోళ్లు మన ఆడవాళ్ల మీద ఒక కాపలా పెట్టిండ్రు. మెరిసే బట్ట వద్దు, లిప్‌స్టిక్ వద్దు, చేతులు లేని రవిక వద్దు, కొంగు రెండు భుజాల మీద ఉండాలె, ఎందుకంటే పక్క గల్లీ ఆడవాళ్లతో కలిపి చూస్తరని. ఒళ్లున్న మనిషి మీద ఈ కాపలా రెండింతలు. అదే రవిక సన్నపిల్ల వేస్తే రవిక, దొడ్డుగున్నామె వేస్తే "అంతా కనబడతంది." మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు బూడిదరంగు, కాఫీపొడి రంగు చీరల్లో గడిపిందంటే సగం కారణం ఇదే. పక్క గల్లీలో బతికిన ఆడవాళ్లు మన ఇంటి ఆడవాళ్ల పరువు ఎన్నడూ తీయలేదు. వాళ్లు అదే నల్ బజార్‌లో కూరగాయలు కొన్నరు, అదే దర్జీ దగ్గర కుట్టించుకున్నరు. అన్ని రకాల ఒళ్లకూ మొహం మాడ్చకుండా కొలత తీసే దర్జీలు ఈ గల్లీల్లో ఉన్నరంటే వాళ్ల పుణ్యమే కావచ్చు. పరువు భయం మనది, దాని ఖర్చు మాత్రం పెద్దమ్మ లాంటి వాళ్లు కట్టిండ్రు.

"మీరు లావును మెచ్చుకుంటున్నరు, షుగర్, బీపీ సంగతేంది?" అని అడిగేవాళ్లు ఉంటరు. ఉండాలె కూడా. మా ఇంట్లో షుగర్ ఉన్నది, బీపీ ఉన్నది, మోకాళ్ల నొప్పులున్నై. మనవాళ్లకు బాడీ మాస్ ఇండెక్స్ 23 దాటితేనే జాగ్రత్త పడాలని డాక్టర్లు చెప్తున్నరు, అదీ తెలుసు. వాటికి మందులు, నడక, అన్నం తగ్గించడం. బిగుతు రవికతో షుగర్ తగ్గినామెను మేము ఇంతవరకు చూడలేదు. తిరగబడ్డ సంగతి మాత్రం చూశాం. డాక్టర్ నడవమన్నడు. పెద్దమ్మ పొద్దున రాణీబాగ్‌కు పోవాలనుకున్నది. చీరలో వేగంగా నడవలేదు, నడుముకు సరిపోయే ట్రాక్ ప్యాంటు దొరకలేదు, దొరికినవి మగవాళ్లవి, అవి వేసుకొని గల్లీ దాటాలంటే సిగ్గు. నాలుగు రోజులు పోయి మానేసింది. ఆమె నడక ఆగింది బద్ధకంతో కాదు, ఒక ప్యాంటు లేక. సల్వార్ కుట్టించి ఉంటే అయిపోయేది, ఎనభై రూపాయల బట్ట పని. ఎవరికీ తోచలేదు. ఆమె బద్ధకం గురించి మాట్లాడడం మాత్రం అందరికీ తోచింది.

మన ఫంక్షన్ల గురించి కూడా చెప్పి తీరాలె. ఈ పదేళ్లలో కొత్త రోగం ఒకటి వచ్చింది, అందరూ ఒకే రంగు. బతుకమ్మకు ఒకే రంగు, హల్దీకి ఒకే రంగు, మెహందీకి లెహంగా. వాట్సాప్‌లో ఒక పిల్ల లింకు పంపుతుంది. "అందరూ గిదే ఆర్డర్ పెట్టండ్రి, లాస్ట్ డేట్ ఎల్లుండి." ఆ లింకులో సైజు ఎక్స్ఎల్‌తో ఆగుతుంది. ఆ పిల్లే ఇన్‌స్టాగ్రామ్‌లో 'నీ ఒంటిని ప్రేమించు' అని పెడుతుంది (తిట్టడం లేదు, మా ఇంటి పిల్లే, మంచిదే). అత్త ఏం చేస్తుంది? "నాకు ఒంట్లో బాగలేదు, మీరు పోండ్రి" అంటుంది. రెండేళ్లుగా బతుకమ్మ ఆటకు మేనత్త రాకపోవడానికి మోకాళ్లు కారణమనుకున్నాం. ఆమె ఇంట్లో ఒక్కతే చప్పట్లు కొట్టుకుంటూ తిరుగుతుంటే వదిన కిటికీలోంచి చూసింది. మోకాళ్లు బాగానే ఉన్నై.

పూలకు సైజు చూడం. పెద్ద బతుకమ్మ పేర్చినామెకు చుట్టూ చేరి మరీ ఫోటోలు తీస్తం.

ఇంతా రాసినాక "మరి ఏం చేయమంటరు" అని అడుగుతరు గనక మేము ఇంట్లో చేస్తున్నది చెప్తున్నాం. ఒక నోట్‌బుక్ పెట్టాం. ఇంట్లో నలభై దాటిన ప్రతి ఆడమనిషి కొలతలు అందులో రాసి పెడుతున్నాం. ఛాతీ, నడుము, చెయ్యి చుట్టు, చంక లోతు, మెడ. ప్రతి ఏడాది సంక్రాంతికి మళ్లీ కొలవాలె, పాత కొలతతో పోల్చి ఎవరూ ఒక్క మాట అనొద్దు. రవికకు లోపల రెండు పక్కలా కనీసం అంగుళంన్నర మార్జిన్. ముందు హుక్కులు. నూలు లైనింగ్. చీర ముక్క చాలకపోతే చేతులకు వేరే బట్ట, ఖణం కానీ ఇక్కత్ కానీ, కావాలని పెట్టినట్టే ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్ చేతులు పెట్టిన వదిన రవిక చూసి ఆఫీసులో ముగ్గురు మరాఠీ ఆడవాళ్లు దర్జీ చిరునామా అడిగిండ్రు. ఫంక్షన్లకు ఒకే రంగు కావాలంటే రంగు చెప్పండి, లింకు పంపొద్దు. ఎవరి బట్ట వాళ్లు తెచ్చుకుంటరు.

ఫోటో దిగేటప్పుడు పెద్దోళ్లు ముందు వరసలో, కుర్చీల మీద. ఎవరు వద్దన్నా సరే. దీనిమీద ఇంట్లో గొడవ కూడా అయింది. "వద్దన్నామెను బలవంతం చేసుడేంది" అని తమ్ముడు అడిగిండు. న్యాయమైన ప్రశ్నే. బలవంతం వద్దు, కానీ ఆమె వద్దన్నప్పుడు "సరేలే" అని వెంటనే ఒప్పుకోవడం మానేద్దాం అని తేల్చుకున్నాం. పెద్దమ్మ వద్దన్న ప్రతిసారీ మేము అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నామో ఇప్పుడు ఆలోచిస్తే బాగనిపించదు.

ఆ ఏడు పట్టు చీరలు పంచుకున్నాం. రవికలు మాత్రం పంచలేదు. కుట్లు విప్పి చూస్తే లోపల ఎక్కడా అర అంగుళం కూడా వదల్లేదు.

ఫిబ్రవరిలో భివండీలో పెళ్లి ఉన్నది. చిన్నమ్మకు పెద్దమ్మ చీరల్లో గులాబీ రంగుది, పెద్ద అంచుది వచ్చింది. రవికకు మీటరుంబావు బట్ట మంగళ్‌దాస్ మార్కెట్‌లో విడిగా తీసుకున్నాం. దర్జీ మామూలు కంటే నూటయాభై ఎక్కువ అడిగిండు, బట్ట ఎక్కువ, పని ఎక్కువ అని. ఇచ్చినం. ట్రయల్‌కు పోయినప్పుడు చిన్నమ్మ అద్దంలో వెనక్కు తిరిగి చూసుకొని, మెడ ఇంకో అంగుళం కిందికి తీయమన్నది.